సార్కాయిడోసిస్ : విటమిన్ డి, కాల్షియంల తూకం

జీవరసాయన శాస్త్రం తరగతిలో విటమిన్ డి పాఠం చెప్పడం చాలా సులువు. నల్లబల్ల మీద ఒక్క బాణం గుర్తు వేస్తే చాలు. ఎండ తగ్గితే విటమిన్ డి తగ్గుతుంది. విటమిన్ డి తగ్గితే పేగు కాల్షియాన్ని సరిగా పీల్చుకోలేదు. కాల్షియం చాలకపోతే పిల్లలకు రికెట్స్, పెద్దలకు ఆస్టియోమలేసియా. వైద్యం కూడా ఆ బాణంలోనే ఉంది : తగ్గినదాన్ని నింపడమే. ఇరవై ఏళ్ళుగా నేనీ పాఠం ఇలాగే చెబుతున్నాను, విద్యార్థులు పరీక్షల్లో ఇలాగే రాస్తున్నారు. పాఠంలో తప్పేమీ లేదు.

ఐతే ఈ బాణం వంకర తిరిగే వ్యాధి ఒకటి ఉన్నది. రక్తపరీక్ష కాగితం "విటమిన్ డి తక్కువ" అని చెబుతుండగానే, ఒంట్లో దాని పని మితిమీరి సాగుతూ ఉండవచ్చు. ఆ లోటు పూడ్చబోతే మూత్రపిండాలకే ముప్పు వస్తుంది. ఆ వ్యాధి పేరు సార్కాయిడోసిస్. అందరికీ వచ్చేది కాదు కదా, మనకెందుకు అనుకోవద్దు. ఈ సంచిక చదివేవారిలో లేబరేటరీల్లో పనిచేసే మన పూర్వ విద్యార్థులున్నారు, మందుల షాపులు నడిపేవారున్నారు, డాక్టర్లయినవారూ ఉన్నారు. వారానికొకసారి పాలలో కలుపుకు తాగే 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లం ఇవాళ మన ఊళ్ళలో ప్రతి ఇంటికీ తెలిసిన వస్తువు. కనుక ఈ పాఠం కాస్త నిదానంగా చదవదగినదే.

వ్యాధి సంగతి

లండన్‌లో జొనాథన్ హచిన్సన్ అనే వైద్యుడు ఈ వ్యాధి వల్ల చర్మం మీద వచ్చిన మచ్చలను 1877లో వర్ణించాడు. నార్వే దేశపు చర్మవ్యాధుల నిపుణుడు సీజర్ బోక్ 1899లో ఆ మచ్చల నుంచి ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆ కణాల గుంపు అతనికి సార్కోమా అనే పుట్టకురుపును తలపించింది గనుక "సార్కాయిడ్" అన్నాడు. పేరులో ఆ పోలిక మిగిలిపోయిందే గాని ఇది క్యాన్సరు కాదు.

ఈ వ్యాధిలో శరీర రక్షణకు కాపలా కాసే కణాలు అక్కడక్కడ గుంపులు కట్టి చిన్న చిన్న కణికలుగా ఏర్పడతాయి. వీటినే గ్రాన్యులోమాలు అంటారు. ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనూ, వాటి మొదట్లో ఉండే లింఫ్ గ్రంథుల్లోనూ వస్తాయి. కళ్ళు, చర్మం, కాలేయం, గుండె, ఏ అవయవానికీ మినహాయింపు లేదు. కారణం ఇదమిత్థమని ఇప్పటికీ తేలలేదు. చాలామందిలో కొంతకాలానికి దానంతటదే సద్దుమణుగుతుంది, కొందరిలో ఏళ్ళ తరబడి సాగుతుంది.

మన దేశంలో దీనికొక చిక్కు ఉన్నది. క్షయలో కూడా ఇలాంటి కణికలే ఏర్పడతాయి. క్షయ కణిక నడిమధ్య కుళ్ళి జున్నులా మారడం మామూలు. సార్కాయిడోసిస్‌లో సాధారణంగా అలా కాదు. ఎక్స్‌రేలో మాత్రం రెండూ ఒకదానినొకటి పోలి కనబడవచ్చు. క్షయ ఎక్కువగా ఉన్నచోట సార్కాయిడోసిస్ రోగి ముందు కొన్నాళ్ళు క్షయ మందులు మింగి ఆ తరువాత గాని అసలు పేరు తెలుసుకోకపోవడం అరుదేమీ కాదు.

కాల్షియం జమాఖర్చు

పెద్దవారి ఒంట్లో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఎముకల్లోనూ, పళ్ళలోనూ ఉంటుంది. మిగిలిన ఆ కాస్తలోనే ఉంది అసలు కథ. 100 మిల్లీలీటర్ల రక్తద్రవంలో కాల్షియం దాదాపు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యనే ఉండాలి. నరాల పని, కండరాల కదలిక, గుండె కొట్టుకోవడం అన్నీ ఈ సన్నని గీత మీదనే నడుస్తాయి.

దీన్ని కాపాడేవారు ముగ్గురు. కాల్షియం తగ్గితే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు తమ హార్మోనును, అంటే పి.టి.హెచ్.ను విడుదల చేస్తాయి. అది ఎముకల నుంచి కొంత కాల్షియం తీయిస్తుంది, మూత్రంలో పోయేదాన్ని తగ్గిస్తుంది, విటమిన్ డిని చురుకైన రూపానికి మార్చమని మూత్రపిండానికి కబురు పంపుతుంది. ఆ చురుకైన విటమిన్ డి పేగుకు చెప్పి, తిండిలోని కాల్షియాన్ని లోపలికి పట్టిస్తుంది. కాల్షియం చాలినంత కాగానే కబురు ఆగిపోతుంది.

గాదె, మిల్లు, బియ్యం

తరగతిలో ఈ రసాయనాల పేర్లు చెబితే విద్యార్థులు తికమకపడతారు. అందుకని నేను వరి పంటతో పోల్చి చెబుతుంటాను.

ఎండ తగిలి చర్మంలో తయారయ్యే విటమిన్ డి3 పొలంలో కోసిన పంట. కాలేయం దాన్ని నూర్చి గాదెకెత్తుతుంది. గాదెలోని ఈ వడ్ల శాస్త్రీయనామం 25-హైడ్రాక్సీ విటమిన్ డి. ఇది రక్తంలో రెండు మూడు వారాలు నిలవుంటుంది. వడ్లను అలాగే వండుకుని తినలేం కదా! వాటిని బియ్యం చెయ్యడానికి మిల్లు కావాలి. ఆ మిల్లు మూత్రపిండంలో ఉంది. 1-ఆల్ఫా హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము. మిల్లులోంచి వచ్చే బియ్యమే 1,25-డైహైడ్రాక్సీ విటమిన్ డి, మరో పేరు కాల్సిట్రియాల్. గాదెలోని వడ్లను నానోగ్రాముల్లో కొలిస్తే, ఈ బియ్యాన్ని అందులో వెయ్యోవంతైన పికోగ్రాముల్లో కొలవాలి. అది కొన్ని గంటలకు మించి నిలవుండదు. శక్తంతా దానిదే.

ఈ మిల్లు ఇష్టం వచ్చినట్టు ఆడదు. పి.టి.హెచ్. చెబితే వేగం పెంచుతుంది. కాల్షియం, ఫాస్ఫరస్ పెరిగితే తగ్గిస్తుంది. బియ్యం ఎక్కువైతే ఆ బియ్యమే మిల్లును నెమ్మది చేసి, మిగిలినదాన్ని పాడుచేసే మరో ఎంజైమును లేపుతుంది. ఇంత కట్టుదిట్టం ఉండబట్టే మామూలు మనిషి ఎంత ఎండలో తిరిగినా రక్తంలో కాల్షియం గీత దాటదు.

ఇప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. "విటమిన్ డి పరీక్ష" అని మనం చేయించుకునేది గాదెలోని వడ్ల కొలత మాత్రమే. ఇంట్లో బియ్యం ఎంతున్నదో అది చెప్పదు. మామూలు మనుషుల విషయంలో గాదె చూసి ఇంటి స్థితి అంచనా వేయవచ్చు గనుక ఆ పరీక్ష ఉపయోగకరమే.

ఎవరి మాటా వినని మిల్లు

సార్కాయిడోసిస్‌లో ఏర్పడే కణికల్లో మాక్రోఫేజ్‌లనే స్థూలభక్షక కణాలుంటాయి. ఈ కణాల్లో కూడా అదే మిల్లు, అదే ఎంజైము ఉంది. కాని దానికి పి.టి.హెచ్. కబురు వినబడదు. కాల్షియం పెరిగిందన్నా, బియ్యం పేరుకుపోయిందన్నా ఆగదు. అక్కడ అజమాయిషీ ఇంటర్‌ఫెరాన్-గామా వంటి రోగనిరోధక సంకేతాలది. కణికలో మంట ఉన్నంతకాలం ఆ సంకేతాలు వస్తూనే ఉంటాయి, మిల్లు ఆడుతూనే ఉంటుంది. బియ్యాన్ని పాడుచేసే ఏర్పాటు కూడా అక్కడ సరిగా పనిచేయదు.

ఫలితం చూడండి. వడ్లు వచ్చినవి వచ్చినట్టు బియ్యమైపోతాయి. గాదె ఖాళీగా కనబడుతుంది, ఇంట్లో మాత్రం బియ్యం గుట్టలు. పరీక్ష చేస్తే 25-హైడ్రాక్సీ విటమిన్ డి తక్కువ, కాల్సిట్రియాల్ మామూలుగానో అంతకంటె ఎక్కువగానో. పాపం వైద్యుడు గాదె ఖాళీగా ఉంది కదా అని బస్తాలకొద్దీ వడ్లు పోయిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా! ఒక 60,000 యూనిట్ల పొట్లమంటే 1,500 మైక్రోగ్రాముల విటమిన్ డి. అదంతా ఆ అదుపులేని మిల్లుకు మేతే.

అసలు ఈ కణాలకు మిల్లెందుకు అంటే, అది కూడా మన మేలుకోరి ఉన్నదే. క్షయ క్రిమి లోపలికి వచ్చినప్పుడు మాక్రోఫేజ్ తన అవసరానికి కొద్దిగా కాల్సిట్రియాల్ తయారుచేసుకుని, దాని సాయంతో క్రిమిని చంపే కాథెలిసిడిన్ అనే పదార్థాన్ని పుట్టిస్తుందని 2006లో వెలువడిన పరిశోధన చూపింది. తన వంటకు తాను చేసుకునేంతవరకు చిక్కులేదు. లక్షలాది కణాలు కూడి, బియ్యం రక్తంలోకి పొంగిపొర్లినప్పుడే ప్రమాదం. క్షయలో సైతం కొందరికి ఇలా కాల్షియం పెరగడానికి ఇదే కారణం.

ఈ గుట్టు ఎలా తెలిసింది?

సార్కాయిడోసిస్ రోగుల రక్తంలో కాల్షియం పెరుగుతుందని అమెరికాలో హారెల్, ఫిషర్ 1939లోనే ప్రకటించారు. 1956లో హెన్నెమన్, ఆల్‌బ్రైట్ మొదలైనవారు ఈ రోగుల పేగు కాల్షియాన్ని అతిగా పీల్చుకుంటున్నదని, ఈ స్థితి విటమిన్ డి అతిగా మింగినవారి స్థితిలా ఉన్నదని, కార్టిజోన్ ఇస్తే తగ్గుతున్నదని చూపారు. వేసవిలో ఎండ ముదిరాక కాల్షియం పెరగడం కూడా వైద్యుల కంటబడింది. రోగులేమీ విటమిన్ డి అతిగా మింగలేదు. మరి ఎక్కడినుంచి వస్తున్నట్టు? ఒంటికి విటమిన్ డి పట్ల "అతి సున్నితత్వం" ఉందని చెప్పి ఊరుకున్నారు. పేరు పెట్టినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదు గదా.

1970లో కేంబ్రిడ్జిలో ఫ్రేజర్, కొడిచెక్ చురుకైన విటమిన్ డి తయారయ్యేది మూత్రపిండంలోనని కనిపెట్టారు. 1979లో ఈ రోగుల రక్తంలో కాల్సిట్రియాలే పెరిగి ఉందని తేలింది. ఐతే అది కూడా మూత్రపిండం నుంచే వస్తున్నదేమో? దీనికి 1981లో ఒక రోగి శరీరమే జవాబు చెప్పింది. ఆ రోగికి మూత్రపిండాలే లేవు. ఐనా కాల్షియమూ, కాల్సిట్రియాలూ పెరిగి ఉన్నాయి! బార్బర్ తదితరులు దీన్ని ప్రకటించాక రెండో మిల్లు ఉన్నదనడంలో సందేహం తీరిపోయింది. 1983లో ఆడమ్స్, శర్మ మొదలైనవారు రోగుల ఊపిరితిత్తుల్లోంచి మాక్రోఫేజ్‌లను కడిగి తీసి, గాజుపాత్రలో పెంచి, అవి వడ్లను బియ్యం చెయ్యడం కళ్ళారా చూపించారు. ఒక చిన్న ప్రశ్నకు జవాబు రావడానికి నలభై నాలుగేళ్ళు పట్టిందన్నమాట.

మా అక్క విషయం

ఇది పుస్తకాల్లో సంగతి కాదనడానికి మా ఇంటి ఉదాహరణే చెబుతాను. మా పెద్దమ్మగారి అమ్మాయి, నాకు అక్క, బడిపంతులుగా చేసి రిటైరైంది. తొమ్మిదేళ్ళ కిందట ఆమెకు లింఫ్ గ్రంథి ముక్క పరీక్ష చేసి సార్కాయిడోసిస్ అన్నారు. ఏడాదిపాటు మందులు వాడి తగ్గిందనుకుని ఆ కాగితాలు పెట్టెలో పెట్టేసింది. మొన్నామధ్య మోకాళ్ళ నొప్పులని వేరే డాక్టరు దగ్గరకు వెళ్తే రక్తపరీక్షల ప్యాకేజీ చేయించారు. విటమిన్ డి 9 నానోగ్రాములు అని వచ్చింది. వారానికొక పొట్లం, రోజుకు రెండు కాల్షియం మాత్రలు రాసిచ్చారు. పాత జబ్బు గురించి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఏడో వారానికి ఫోన్ చేసి, "ఒరే తమ్ముడూ, చెంబెడు నీళ్ళు తాగినా నాలుక పిడచగట్టుకు పోతోందిరా. అన్నం చూస్తే వాంతి" అంది. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తోంది. ఇంట్లోవాళ్ళు షుగరేమో అనుకున్నారు, షుగరు లేదు. మలబద్ధకం, నీరసం, మాట మధ్యలో మరిచిపోవడం. వయసు మీద పడిందన్నారు. చివరికి ఆస్పత్రిలో చేర్చి చూస్తే కాల్షియం 13.1, క్రియాటినిన్ 2.3, పి.టి.హెచ్. దాదాపు అడుగంటింది. పాత కాగితాలు అడిగి చూసిన ఊపిరితిత్తుల డాక్టరుగారు వెంటనే పొట్లాలూ, మాత్రలూ ఆపించి, సెలైను పెట్టించి, ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టారు. పది రోజుల్లో కాల్షియం దారికొచ్చింది. క్రియాటినిన్ మాత్రం 1.4 దగ్గర ఆగిపోయింది, ఆపైన దిగలేదు. మోకాళ్ళ నొప్పి ఎప్పటిలాగే ఉంది.

ఎవరినీ నిందించడానికి ఇది రాయడం లేదు. కాగితం మీద అంకె తక్కువగా ఉన్నప్పుడు నింపాలనిపించడం సహజం. ఆ అంకెకు అర్థం మారిపోయే జబ్బొకటి ఉన్నదని గుర్తుకు రాకపోవడమే ఇక్కడ కొంప ముంచింది.

ఏ పరీక్షలు చూడాలి?

సార్కాయిడోసిస్ ఉన్నవారిలో నూటికి అయిదు నుంచి పది మందికి రక్తంలో కాల్షియం పెరుగుతుంది. మూత్రంలో ఎక్కువగా పోవడం అంతకు ఎన్నో రెట్ల మందిలో కనబడుతుంది. రక్తంలో అంకె బాగానే ఉన్నా మూత్రంలో లోలోపల పోతూ ఉండవచ్చు. రాళ్ళు ఏర్పడటానికీ, మూత్రపిండాల్లో కాల్షియం పేరుకోవడానికీ అదే దారి. అందుచేత ఈ క్రింది వాటిని కలిపి చూడాలి.

1. రక్తంలో కాల్షియం, దానితోపాటు ఆల్బుమిన్. కాల్షియంలో నూటికి నలభై పాళ్ళు మాంసకృత్తులను అంటిపెట్టుకుని ఉంటుంది. ఆల్బుమిన్ 4 గ్రాముల కంటె ఎంత తగ్గితే, ఒక్కో గ్రాముకు 0.8 చొప్పున కాల్షియానికి కలిపి లెక్కించడం వాడుక.

2. ఇరవై నాలుగు గంటల మూత్రంలో కాల్షియం. రోజుకు ఆడవారిలో 250, మగవారిలో 300 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ కిందే లెక్క.

3. పి.టి.హెచ్. సార్కాయిడోసిస్ వల్ల కాల్షియం పెరిగితే ఇది బాగా తగ్గిపోతుంది. పెరిగి ఉన్నదంటే పారాథైరాయిడ్ గ్రంథిలోనే దోషం ఉందేమో చూడాలి.

4. ఫాస్ఫరస్. పారాథైరాయిడ్ దోషంలో ఇది తరచు తగ్గుతుంది, సార్కాయిడోసిస్‌లో మామూలుగానో కొంచెం ఎక్కువగానో ఉంటుంది. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే ప్రసిద్ధ పద్ధతిని హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మన విద్యార్థులు ప్రాక్టికల్ రికార్డులో "ఫిస్కే-సుబ్బారావు పద్ధతి" అని రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగి ఆ పేరు చదవాలని నా కోరిక.

5. గాదె, బియ్యం రెండూ : 25-హైడ్రాక్సీ, 1,25-డైహైడ్రాక్సీ విటమిన్ డి. రెండోది ఖర్చుతో కూడినది, అందరికీ అక్కర్లేదు. సార్కాయిడోసిస్ రోగికి విటమిన్ డి ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం దాని విలువ ఎక్కువ.

6. క్రియాటినిన్. మూత్రపిండాల స్థితి తెలియకుండా పై అంకెలన్నీ చూసినా ప్రయోజనం తక్కువ.

మరి ఏం చెయ్యాలి?

ఇంతా చదివి, సార్కాయిడోసిస్ ఉన్నవారందరూ ఎండ చూడరాదనీ, పాలు ముట్టరాదనీ అనుకుంటే అదీ పొరపాటే. ఈ రోగులకు స్టెరాయిడ్లు వాడతారు, స్టెరాయిడ్లు ఎముకలను గుల్లచేస్తాయి. పైగా కాల్సిట్రియాల్ మితిమీరితే అది కూడా ఎముకల నుంచి కాల్షియాన్ని లాగుతుంది. కాబట్టి ఎముకల రక్షణ వీరికి నిజంగానే కావాలి. ఒకవైపు ఎముక, మరోవైపు మూత్రపిండం. తూకం రెండింటి మధ్య.

వడ్లూ బియ్యమూ రెండూ తక్కువైతే అది నిజమైన కొరతే. అప్పుడు డాక్టరు కొద్ది మోతాదులో విటమిన్ డి ఇచ్చి, కొన్ని వారాలకొకసారి రక్తంలోనూ మూత్రంలోనూ కాల్షియం చూసుకుంటారు. వడ్లు తక్కువ, బియ్యం ఎక్కువ ఐతే ఇవ్వకూడదు. జబ్బు చురుగ్గా ఉన్నదని దానర్థం. ఈ రెంటికీ మధ్యనున్నవారికి ఎంత ఇవ్వాలన్న దానిపై నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. కనుక సొంతంగా కొనుక్కుని మింగవలసిన మందు కాదిది.

కాల్షియం పెరిగినవారికి మొదటి వైద్యం ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం, కాల్షియం, విటమిన్ డి మాత్రలు ఆపడం, ఎర్రటి ఎండలో తిరగకపోవడం. స్టెరాయిడ్ మొదలుపెడితే మాక్రోఫేజ్ మిల్లు చల్లబడి, సాధారణంగా కొద్ది రోజుల్లోనే కాల్షియం దిగడం మొదలవుతుంది. స్టెరాయిడ్ పడనివారికి హైడ్రాక్సీక్లోరోక్విన్, కీటోకొనజోల్ వంటివి పనికివస్తాయి. రక్తపోటుకు వాడే థయాజైడ్ రకం మాత్రలు మూత్రంలో పోయే కాల్షియాన్ని తగ్గించి రక్తంలో పెంచుతాయి గనుక వాటి విషయంలోనూ జాగ్రత్త కావాలి. కాడ్ లివర్ ఆయిల్, "బలానికి" అని అమ్మే మల్టీవిటమిన్ మాత్రలు, కాల్షియం కలిపిన పొడులు, వీటన్నిటి లేబుల్ చదివి విటమిన్ డి ఎంతున్నదో లెక్కలోకి తీసుకోవాలి. నరానికి ఎక్కిస్తేనే మందు, పొడి పొట్లమైతే ఆహారం అన్న భ్రమ మనవాళ్ళలో చాలా ఉంది.

ఇక విద్యార్థులకు ఒక మాట. పాఠంలోని బాణం గుర్తును చెరిపెయ్యమని నేననడం లేదు. మన రాష్ట్రాల్లో విటమిన్ డి నిజంగానే తక్కువై బాధపడేవారు చాలామంది ఉన్నారు, వారికి ఆ పొట్లం మేలే చేస్తుంది. రేపు మీరు లేబరేటరీలో కూర్చుని, ఒకే కాగితం మీద "విటమిన్ డి తక్కువ, కాల్షియం ఎక్కువ" అని టైపు చెయ్యవలసి వస్తే మాత్రం చెయ్యి ఒక్కసారి ఆపండి. ఆ రెండూ కలిసి రావడం మామూలు సంగతి కాదు. డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. పారాథైరాయిడ్ కావచ్చు, క్షయ కావచ్చు, సార్కాయిడోసిస్ కావచ్చు. ఏదైనా సరే, తెలుసుకోవలసిన విషయమే. మందుల షాపులో ఉన్నవారు పొట్లం చేతికిచ్చేముందు "ఇదివరకు ఊపిరితిత్తుల జబ్బేమైనా ఉందాండీ, కిడ్నీలో రాళ్ళేమైనా వచ్చాయాండీ?" అని అడిగితే అర నిమిషం పడుతుంది.

ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నా, ఎప్పుడో వచ్చి తగ్గినా, వారి వైద్యం ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసిపెట్టండి : "సార్కాయిడోసిస్ ఉన్నది. విటమిన్ డి, కాల్షియం ఇచ్చేముందు రక్తంలో, మూత్రంలో కాల్షియం చూడవలెను." ఏ ఊరికి వెళ్ళినా, ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ఆ ఫైలు వెంట తీసుకువెళ్ళండి.